లిమా జమ్ములో ఏడు రంగుల పిట్ట

ఈమధ్య మా వీధిలో ఎవరు ఎదురైనా ఒకటే పలకరింపు. "అమెరికా వెళ్ళొచ్చావటగా! ఏం తెచ్చావు?" అని. వెళ్ళింది అమెరికాకే, కాదనను. కానీ అందరూ వెళ్ళే అమెరికా కాదు. దక్షిణ అమెరికాలో పసిఫిక్ సముద్రం ఒడ్డున పెరూ అని ఒక దేశముంది. దాని రాజధాని లిమాలో మూడు నెలలుండి వచ్చాను. ఏం తెచ్చానయ్యా అంటే, చెప్పుకోదగ్గది ఒక పిట్ట కబురు మాత్రమే. చీరలూ కాదు, సెంటు సీసాలూ కాదు, ఇంతోటి పిట్ట గురించి ఏం చదువుతాంలే అని పేజీ తిప్పేయకండి. కాస్త వినండి. నచ్చకపోతే అప్పుడే తిప్పేద్దురుగాని.

మా మరిదికి లిమాలో ఉద్యోగం. తోడికోడలికి రెండో కాన్పు వచ్చింది. వాళ్ళమ్మగారికి మోకాళ్ళ నొప్పులు, అంత దూరం విమానంలో కూర్చోలేరు. మా అత్తగారు లేరు. "నువ్వే వెళ్ళిరా, నీకంటే ఎవరున్నారు వాళ్ళకి" అన్నారు మావారు. కాయం పొడి, వెల్లుల్లి కారం, వాము, పాత చీరల గుడ్డలు సర్దుకుని ఆగస్టులో బయల్దేరాను. మన దగ్గర పొద్దున్న అయితే అక్కడ ముందురోజు రాత్రి. పదిన్నర గంటల తేడా! వారం రోజులు నాకు ఎప్పుడు ఆకలేస్తుందో, ఎప్పుడు నిద్రొస్తుందో తెలియలేదు.

లిమా గురించి ముందు ఒక్క మాట చెప్పాలి. అది ఎడారిలో కట్టిన ఊరు. కోటిమంది ఉంటారు. అయినా అక్కడ వాన పడదు. ఏడాది మొత్తం కలిపినా మన దగ్గర ఒక్క జల్లుకి పడినంత పడదంటే అతిశయోక్తి కాదు. పక్క సముద్రంలో హంబోల్ట్ ప్రవాహమని చల్లటి నీటి ప్రవాహం పోతుంది. దానివల్ల గాలి చల్లబడి మబ్బు కమ్ముతుంది గానీ, ఆ మబ్బు వానగా మారదు. మనకి ఎండాకాలం అయితే వాళ్ళకి చలికాలం వస్తుంది. జూన్ నుంచి అక్టోబరు దాకా ఆకాశం గంజి రంగులో ఉంటుంది. సూర్యుడి జాడే ఉండదు. తెల్లవారుజామున పొడిలాంటి సన్న తుంపర రాలుతుంది. దాన్ని 'గరూవ' అంటారు. గొడుగు వేసుకునేంత కాదు, అలాగని బట్టలు ఆరనిచ్చేంత తక్కువా కాదు. పసిపిల్ల గుడ్డలు మూడు రోజులకి గానీ ఆరేవి కావంటే నమ్మండి. ఇస్త్రీపెట్టెతో ఆరబెట్టేదాన్ని.

ఆకాశానికి తగ్గట్టే ఉండేది మా తోడికోడలి మనసు కూడా. ఆడపిల్ల పుట్టింది, బంగారుబొమ్మలా ఉంది, కాన్పు సులువుగానే అయింది. కానీ ఈవిడ ఊరికే కళ్ళనీళ్ళు పెట్టుకునేది. పాలు చాలట్లేదేమో అక్కా అనేది. పిల్ల నిద్రపోతే ఎందుకు ఏడవట్లేదని భయం, ఏడిస్తే ఎందుకు నిద్రపోవట్లేదని భయం. అన్నం ముందు కూర్చుని కెలుకుతూ ఉండేది. బాలింత కదా, నీరసం అనుకున్నాను. నలభై రోజులూ గడప దాటనివ్వలేదు. మనకి తెలిసిన పద్ధతి అదే కదా. చివరికి మా మరిదే పట్టుబట్టి డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాడు. ఆవిడ అంతా విని, కాన్పు తర్వాత కొంతమందికి మనసు ఇలా కుంగిపోతుంది, ఇది బలహీనత కాదు, అశ్రద్ధ చేయకూడదు, నాతో వారం వారం మాట్లాడాలి, ఇంట్లోనే కూర్చోబెట్టకండి, బయట తిప్పండి అని చెప్పింది. నాకు తల కొట్టేసినట్టయింది. గడప కాపలా కాసింది నేనే మరి!

ఇక పిట్ట సంగతికొస్తాను. వంటింటి కిటికీ ఎదురుగా కరెంటు తీగ మీద రోజూ ఒక పిట్ట వచ్చి కూర్చునేది. పిచ్చుక కంటే చిన్నది. నెత్తి, రొమ్ము కుంకుమ పోసినట్టు ఎరుపు. వీపు మాత్రం ముదురు గోధుమ రంగు. తీగ మీంచి గభాల్న గాల్లోకి లేచి, ఏదో పురుగుని పట్టుకుని మళ్ళీ అదే చోటికి వచ్చి కూర్చునేది. రెండోరోజు చూస్తే అదే పరిమాణంలో మరొకటి, ఒళ్ళంతా మసి రంగు. పాపం, పొగగొట్టంలో దూరిందేమో అనుకున్నాను. మా మరిది కొడుక్కి ఎనిమిదేళ్ళు. వాడు పకపకా నవ్వి, "పెద్దమ్మా, అది మసి కాదు. దాన్ని తుర్తుపిలిన్ అంటారు. లిమాలో ఎరుపువీ ఉంటాయి, మసి రంగువీ పుడతాయి, రెండూ ఒకటే జాతి" అన్నాడు. ఇవి ఎగిరే పురుగులను పట్టి తినే పిట్టలు. ఇంగ్లీషులో టైరంట్ ఫ్లైక్యాచర్లంటారు. టైరంట్ అంటే నిరంకుశుడు కదా! కొన్ని రకాలు తమ గూటి దగ్గరికి వస్తే గద్దలని కూడా తరిమికొడతాయట, అందుకని ఆ పేరు. అమెరికా ఖండాల్లో తప్ప ఎక్కడా లేవు ఇవి. నాలుగు వందలకు పైగా రకాలున్నాయి. మన దగ్గరా ఫ్లైక్యాచర్లనే పేరుతో పిట్టలున్నాయి గానీ వాటికీ వీటికీ చుట్టరికం లేదు. పేరు కలిసిందంతే.

వాడికి ఇదంతా ఎలా తెలుసంటే, స్కూల్లో వాళ్ళ టీచరు తలా ఒక పిట్టని ఇచ్చి, దాని గురించి రాసి బొమ్మ వేసి తెమ్మందట. వీడికి వచ్చినది తుర్తుపిలిన్ కాదు, దాని బంధువు. 'సియెతె కొలోరెస్'. అంటే ఏడు రంగులు! పూర్తి పేరు 'సియెతె కొలోరెస్ దె లా తొతోరా'. తొతోరా అంటే జమ్ము అని తర్వాత తెలిసింది. "చూడకుండా ఎలా రాస్తాను, చూపించండి" అని వాడు ఒకటే గోల. ఊళ్ళోనే చిత్తడి నేలలున్నాయి, అక్కడ ఉంటుంది అన్నాడు మా మరిది. డాక్టరమ్మ ఎలాగూ తిప్పమంది. అక్టోబరు ఆఖరి ఆదివారం అందరం బయల్దేరాం. మా తోడికోడలు రానంటే రానంది. "పిల్ల నా ఒళ్ళో ఉంటుంది, నీ పనల్లా నడవడమే" అని చెయ్యి పట్టుకుని లేవదీశాను.

పులిహోర కట్టుకున్నాం. తాగడానికి అక్కడి వాళ్ళ 'చిచా మొరాదా'. ఇది మీకు చెప్పకుండా ఉండలేను. అక్కడ ఊదారంగు మొక్కజొన్న దొరుకుతుంది, కండె కూడా ఊదాయే. గింజలూ కండే కలిపి, అనాసపండు తొక్క, దాల్చినచెక్క, నాలుగు లవంగాలు వేసి నీళ్ళలో బాగా మరిగిస్తారు. నీళ్ళు నేరేడుపండు రసం రంగుకి వచ్చాక వడకట్టి, చల్లారాక నిమ్మరసం, పంచదార కలుపుతారు. వేడి మీద నిమ్మరసం పిండొద్దు. మన దగ్గర ఆ మొక్కజొన్న దొరకడం కష్టం గానీ, అనాస తొక్కని పారేయకుండా అలా మరిగించి తాగొచ్చనే సంగతి మాత్రం నేను పట్టుకొచ్చాను.

సముద్రం పక్కనుంచి కారులో దక్షిణంగా వెళితే చొర్రియ్యోస్ అనే పేట వస్తుంది. అది దాటగానే ఒకవైపు ఇళ్ళు, షెడ్లు, లారీలు. ఇంకోవైపు పచ్చటి జమ్ము! 'పంతానోస్ దె వియ్యా' అంటారు. అన్నీ కలిపి 263 హెక్టార్లు, అంటే మన లెక్కలో 650 ఎకరాలు. ఎడారి ఊళ్ళో ఆ నీళ్ళెక్కడివి అని మీకు అనుమానం రావాలి. నాకూ వచ్చింది. వాన లేకపోయినా, తూర్పున ఆండీస్ కొండల్లోంచి వచ్చే ఏటి నీళ్ళు, కాలవల నీళ్ళు నేలలోకి ఇంకి, సముద్రం దగ్గర పల్లంలో ఊటలుగా పైకొస్తాయి. ఆ ఊటే ఈ మడుగులు. 1997లో దీన్ని రామ్‌సార్ జాబితాలో చేర్చారు. మన కొల్లేరుని 2002లో చేర్చారే, అదే జాబితా. 2006లో పెరూ ప్రభుత్వం వన్యప్రాణుల ఆశ్రయంగా ప్రకటించింది. రెండు వందల పైచిలుకు రకాల పక్షులు నమోదయ్యాయక్కడ.

లోపలికి చెక్క వంతెనల మీంచి నడవాలి. రెండు పక్కలా తలెత్తు జమ్ము. చూడగానే ప్రాణం లేచొచ్చింది నాకు. మా పుట్టింటి ఊరి చెరువులో జమ్మే! గోధుమరంగు కంకులు, గాలికి రాచుకుంటే అదే చప్పుడు. పదిహేడు వేల కిలోమీటర్ల అవతల మన జమ్ము కనిపిస్తుందని ఎవరనుకుంటారు చెప్పండి? దాని పక్కన సన్నగా, ఆకుల్లేకుండా నిలబడే తుంగలాంటిది ఇంకొకటి ఉంది, దాన్ని 'హుంకో' అంటారు. నీళ్ళ మీద నల్లటి నీటికోళ్ళు, మునిగి లేచే బాతుల్లాంటివి బోలెడు. ఎక్కడో ఉత్తర అమెరికా నుంచి చలికి పారిపోయి వచ్చే సముద్రపు పిట్టలు ఇంకో నెలకి వేలకొద్దీ దిగుతాయని గైడు చెప్పాడు. మా వాడికి అవేవీ పట్టలేదు. "సియెతె కొలోరెస్ ఏది?" అదొక్కటే.

అరగంట నిలబడ్డాం. నాకు కాళ్ళు లాగాయి. పిల్ల లేచింది. గైడు వేలు పెదవుల మీద పెట్టి, నీళ్ళకి జానెడు ఎత్తున జమ్ము మొదళ్ళ వైపు చూపించాడు. ఏమీ లేదు. కాడ కదిలింది. ఏమీ లేదు. తర్వాత ఉన్నట్టుండి రెండు కాడల మధ్య ఒక కాలు దీని మీద, ఒక కాలు దాని మీద వేసుకుని నిలబడి ఉంది! నేను ఇంత చిన్నదనుకోలేదు. కొలిస్తే 11 సెంటీమీటర్లే ఉంటుంది, తోకతో సహా. బరువు 7 గ్రాములు. రెండు చిన్న చెంచాల పంచదార తూస్తే ఎంతో అంత! ఆ రెండు చెంచాల మీద ఎన్ని రంగులు పూశాడో దేవుడు.

మావాడు వేళ్ళు మడుస్తూ లెక్కపెట్టాడు. వీపు ఆకుపచ్చ. పొట్ట పసుపు, మన కొమ్ము పసుపు దంచినప్పటి రంగు. గొంతు తెలుపు. రెక్కలు, తోక నలుపు, రెక్కకి అడ్డంగా తెల్లచార. చెంపలు దూరానికి నలుపే గానీ వెలుతురు పడితే నీలంగా మెరిశాయి. నెత్తి మీద ఎరుపు, అది ఈకల మధ్య దాచుకుంటుంది, అవసరమైతేనే తీస్తుంది. తోక మొదట్లో కింద వైపు నారింజ. ఏడు! లెక్క సరిపోయిందని వాడు గెంతాడు. కంటిపైన పసుపు గీత, కన్నేమో తెల్లగా లేతనీలంగా ఉంది, దాన్నెందులో వేస్తావురా అన్నాను. వాడికి కోపం వచ్చింది. "పెద్దమ్మా, ఏడే!" ఆడదీ మగదీ దాదాపు ఒకలాగే ఉంటాయట. మన దగ్గర నెమళ్ళలో, కోళ్ళలో మగదానికే సింగారమంతా. ఇక్కడ ఇద్దరికీ సమానంగా పంచారు, అది నాకు నచ్చింది.

మేం చప్పుడు చేస్తే పారిపోతుందనుకున్నాను. ఎక్కడ! దానికి భయం కంటే కుతూహలం ఎక్కువ. పిల్ల కుయ్యిమనగానే కాడ మీద కాడ మార్చుకుంటూ మా వైపే వచ్చింది. వంతెన పక్కనే, చెయ్యి చాపితే అందేంత దూరంలో, మెడ పక్కకి వంచి పిల్లని చూసింది. దోమలాంటి దాన్ని ఏదో నీటి మీంచి తీసుకుని మింగింది. మళ్ళీ చూసింది. మా తోడికోడలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందేమోనని గబుక్కున చూశాను. నవ్వుతోంది. "అక్కా, పిల్లని చూడ్డానికొచ్చిన మొదటి చుట్టం" అంది. నిజమే, పురిటికి చుట్టాలెవరూ రాలేదు ఆ దేశంలో. రెండు నెలల తర్వాత ఆ గొంతులో అలాంటి మాట విన్నాను. నేను అటు తిరిగి జమ్ము చూస్తున్నట్టు నటించాను.

దాని గూడు సంగతి చెప్పాలి. మన గిజిగాడి గూడు మీకందరికీ తెలుసు, ఈతచెట్టుకో తుమ్మచెట్టుకో గడ్డిపోచలతో అల్లి వేలాడదీస్తుంది. ఇది అల్లదు. తడి జమ్ము ఆకుల ముక్కలు తెచ్చి ఒకదాని మీద ఒకటి అతికిస్తుంది. ఆరాక అది అట్టలా గట్టిపడి, నున్నగా, అచ్చులో పోసినట్టుంటుంది. ఆకారం బఠాణీల పొట్లం. పైన గుండ్రంగా తెరిచి, కిందకి సన్నబడుతూ కొస తేలుతుంది. చిత్రమేమిటంటే, ఆ పొట్లం మొత్తాన్ని ఒకే ఒక్క జమ్ము కాడకి అంటిస్తుంది! నాలుగు కాడలు కలిపి కట్టుకుంటే గట్టిగా ఉంటుంది కదా అని మనకనిపిస్తుంది. దానికి ఒకటే చాలు. కింద నీళ్ళు, పైన గాలి, మధ్యలో ఊగే ఒంటికాడ మీద రెండో మూడో గుడ్లు. హడ్సన్ అనే ఆయన, 1841లో అర్జెంటీనాలో పుట్టి పచ్చికబయళ్ళలో పక్షులు చూస్తూ పెరిగినవాడు, తర్వాత ఇంగ్లండు వెళ్ళిపోయి పెద్ద రచయిత అయ్యాడు. ఈ గూడు నున్నదనం చూసి ఆయన కూడా ముచ్చటపడి రాశాడు.

అదే జమ్ములో పక్కింటి పిట్ట ఇంకొకటుంది. 'తొతోరెరో', గోధుమరంగుది, రంగుల మాటే లేదు. రెండు గులకరాళ్ళు టిక్కుటిక్కుమని కొట్టినట్టు అరుస్తుంది. ఇది తెలివైన ఇల్లాలు. నాలుగైదు కాడలు కలిపి పట్టుకుని, తడి ఆకులు, బురద మెత్తి, గుండ్రటి బుర్రలాంటి గూడు కడుతుంది. పక్కన గుమ్మం. గుమ్మం పైన చిన్న చూరు కూడా! దీని బంధువుల్లో ఒకటి మట్టితో అచ్చం రొట్టెలు కాల్చే పొయ్యిలాంటి గూడు కడుతుంది. అందుకే వాటి కుటుంబం మొత్తానికి పొయ్యి పిట్టలని పేరు. వంటింటి వాళ్ళం కదా, నాకు వీటి మీద కాస్త పక్షపాతం ఎక్కువే. అయినా ఆ రోజు నా మనసంతా ఒంటికాడ గూటి మీదే ఉంది.

ఎందుకంటే, వంతెన చివర జమ్ము కోస్తున్నారు.

ఒక పెద్దావిడ, ఇంకో ఇద్దరు మగవాళ్ళు నీళ్ళలో మోకాలి లోతున నిలబడి కొడవళ్ళతో కోసి కట్టలు కడుతున్నారు. నాకు గుండె ఝల్లుమంది. ఒక కాడ కోస్తే ఒక ఇల్లు పోయినట్టే కదా! గైడుని అడిగితే, వీళ్ళు దొంగతనంగా కోసేవాళ్ళు కారు, ఇన్నాళ్ళకి ఇంత మేర అని కేటాయించిన చోటే కోస్తారు, చాపలు బుట్టలు అల్లుతారు, వీళ్ళ బతుకు ఇదే అన్నాడు. కోసిన చోట మళ్ళీ పెరుగుతుంది. కొయ్యకుండా వదిలేసినా కష్టమే, ఎండిన జమ్ము పడి కుళ్ళి మడుగు పూడిపోతుందట. కోస్తే గూడు పోతుంది, కొయ్యకపోతే నీళ్ళు పోతాయి! ఇంట్లో పాత సామాన్లు తీసే పనిలాగే ఉంది ఇదీ.

ఆ పెద్దావిడతో మాట్లాడాలనిపించింది. నాకు స్పానిష్ రాదు, ఆవిడకి తెలుగు రాదు. ఎనిమిదేళ్ళ దుబాసీ మధ్యలో. గూడు ఉంటే కోసేస్తారా అని అడగమన్నాను. ఆవిడ కొడవలి చంకలో పెట్టుకుని నవ్వింది. గుడ్లున్న గూడు కనిపిస్తే ఆ గుబురు వదిలేసి పక్కకి వెళతామంది. "ఎలా కనిపెడతారు?" "పిట్ట తిడుతుంది" అందట. అలా అని, కట్టలోంచి ఒక కాడ తీసి మావాడికి ఇచ్చింది. దాని నడుముకి అంటుకుని పాత గూడు, ఖాళీది. రంగు మారింది గానీ చెక్కు చెదరలేదు. వేలితో మీటితే అట్టలా టకటకమంది.

ఆవిడ వాళ్ళమ్మ కథ చెప్పింది. 1971లో ఇళ్ళు లేని వేలమంది జనం ఈ దగ్గర్లోనే ఎడారి ఇసకలో వచ్చి కూర్చున్నారట. ఇప్పుడు ఆ చోటే వియ్యా ఎల్ సాల్వదోర్ అనే పెద్ద ఊరు. అప్పుడు గోడలూ చాపలే, కప్పూ చాపలే. వాన పడదు కాబట్టి సరిపోయింది. "మా అమ్మ నన్ను చాపల ఇంట్లో కన్నది" అందట. మా దుబాసీ ఆ మాట చెప్పగానే మా తోడికోడలు పిల్లని నా దగ్గర్నుంచి తీసుకుని ఆవిడకి చూపించింది. ఆవిడ తడి చేతులు గౌనుకి తుడుచుకుని, పిల్ల అరికాలు మాత్రం ముట్టుకుంది.

ఉత్తరంగా వంచాకో అనే ఊళ్ళో జాలర్లు తొతోరాతో పడవలు కట్టి, గుర్రమెక్కినట్టు కూర్చుని సముద్రం మీదకి వెళతారట. టిటికాకా సరస్సులో ఊరోస్ అనే జనం తొతోరా పరుపులు పేర్చి నీటి మీద తేలే దిబ్బల మీదే కాపురాలు చేస్తారు. సముద్రమట్టానికి 3,800 మీటర్ల ఎత్తు అది. అంత ఎత్తునా, ఇక్కడ సముద్రం ఒడ్డునా, అటు చిలీ, అర్జెంటీనా మడుగుల్లోనూ ఈ పిట్ట ఉంటుంది. ఎత్తుని పట్టి, చోటుని పట్టి నాలుగు ఉపజాతులుగా లెక్కేస్తారు. అర్జెంటీనా వైపువి చలికి ఉత్తరంగా వలస పోతాయి, లిమావి ఎక్కడికీ పోవు. ఎక్కడున్నా జమ్ము ఉండాల్సిందే. చెట్టు మీద కాపురం చేయదు, పొలంలో చేయదు. జాతి మొత్తానికి ఇప్పటికైతే ముప్పు లేదంటారు. కానీ లిమాలో జమ్ము పోతే లిమా పిట్ట పోతుంది. అంతే కదా లెక్క.

పోయేలా ఉందా అంటే, చుట్టూ చూస్తే భయమే వేస్తుంది. రోడ్డు మధ్యలోంచి పోతోంది. అంచుల్లో ఇళ్ళు కట్టిన రాళ్ళూ రప్పలూ తెచ్చి పోస్తారు. ఊట నీళ్ళు ఊరు తాగేస్తోంది. 2023-24 ప్రాంతంలో పక్కనే పెద్ద గోదాములు కట్టబోతే జనం, పర్యావరణం వాళ్ళు గట్టిగా అభ్యంతరం పెట్టారు, పేపర్లలో చాలా రోజులు నడిచింది. కొల్లేట్లో చేపల చెరువుల గట్లు బాంబులు పెట్టి పేల్చిన 2006 సంవత్సరం నాకు బాగా గుర్తు. అక్కడి కష్టం ఏమిటో, ఎవరి పొట్ట మీద పడిందో విన్నదాన్ని కాబట్టి, ఎవరిది తప్పని తీర్పు చెప్పే ధైర్యం నాకు లేదు. ఆ పెద్దావిడ మాత్రం చెప్పింది. గోదాము వస్తే నేను ఏం కొయ్యను, అది ఎక్కడ కడుతుంది అని. 'అది' అంటే పిట్ట.

వచ్చేటప్పుడు గూడున్న కాడ ఇంటికి తీసుకెళతానని మావాడు పేచీ పెట్టాడు. ఇక్కడినుంచి ఏదీ బయటికి తీసుకెళ్ళకూడదని గైడు మెత్తగా చెప్పాడు. వాడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అక్కడే బల్ల మీద కూర్చోబెట్టి, "బొమ్మ వేసుకో, గూడు ఇక్కడే ఉంటుంది" అంది వాళ్ళమ్మ. తనే పక్కన కూర్చుని కాడ పట్టుకుంది, కదలకుండా. వాడు గంటసేపు వేశాడు. మేం పులిహోర తిన్నాం. మా తోడికోడలు రెండుసార్లు వేయించుకుంది, అది కూడా చెప్పాలి మీకు.

ఒక్క పిట్టతో అంతా బాగైపోయిందని చెప్పను. అలా జరగదు. డాక్టరమ్మ దగ్గరికి తర్వాత కూడా వెళ్ళింది, మందులూ వాడింది, ఏడ్చిన రోజులూ ఉన్నాయి. కానీ ఆదివారం వస్తే తనే చెప్పులేసుకునేది. నేను నవంబరు ఆఖర్లో తిరిగొచ్చేసరికి ఆకాశం కూడా విచ్చింది. మొదటిసారి ఎండ చూసి పిల్ల తుమ్మింది.

మొన్న ఉగాదికి ఫోన్ చేశారు. పచ్చడిలోకి వేపపువ్వు నేను ఎండబెట్టి పంపినదే వేసుకున్నారట. మావాడికి పిట్ట బొమ్మకి మంచి మార్కులు వచ్చాయి. "ఏడు రంగులే కదా వేశావు?" అన్నాను. కాసేపు ఆగి, "కన్ను కూడా వేశాను పెద్దమ్మా" అన్నాడు. కోసిన చోట జమ్ము మళ్ళీ వాడి ఎత్తు పెరిగిందట. వాళ్ళమ్మ ఫోన్ లాక్కుని, "అక్కా, నిన్న ఆ గుబురు దగ్గర నిలబడితే తిట్టింది" అంది.